గుమ్మడికాయ దీపములు

ఏటేట అక్టోబరు మాసాంతమున మనవారిలో నొక వాదము బయలుదేరుచున్నది. అమెరికాలో నివసించు కొడుకు తన యింటి గుమ్మమున పిల్లలచేత గుమ్మడికాయకు కన్నులు, ముక్కు, కోరలు చెక్కించి, లోపల దీపము వెలిగించి, ఆ ఛాయాచిత్రమును వాట్సాపులో గద్వాలకో వనపర్తికో పంపును. తాతయు నాయనమ్మయు దానిని జూచి మురిసిపోవుదురు. అదే చిత్రము పదిమంది కంటబడిన పిమ్మట ఒకరు "దయ్యముల పండుగ మనకేల?" యందురు, వేరొకరు "పిల్లల వేడుకకు మతమేమి, దేశమేమి?" యందురు. హైదరాబాదు నగరమున ఈ హాలోవీను వేడుక ఇదివరకే హోటళ్లలోను, మాళ్లలోను, గేటెడ్ కమ్యూనిటీలలోను కాలూనినది. రాజధానిలో మొలచినది జిల్లా పట్టణమునకు వచ్చుటకు మునుపు ఒక తరము పట్టెడిది. సెల్‌ఫోను పుణ్యమా యని ఇప్పుడు రెండేండ్లు చాలును. పుట్టినరోజు కేకు మన పల్లెలకెట్లు వచ్చినదో యెరుగనివారు లేరు. కావున ఆ చెక్కిన గుమ్మడికాయ మన వాకిటికి రాకమునుపే దానిని గూర్చి నిదానముగ నాలోచించుట మేలని మాకు దోచినది.

గుమ్మడికాయను గూర్చి సంపాదకీయమా యని కొందరు నవ్వవచ్చును. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డయే. హిందువుల పండుగలను గూర్చి ప్రత్యేకముగ నొక గ్రంథమే వ్రాసిరి. 1949లో వెలువడిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె ప్రజల తిండికి, ఆటలకు, వేడుకలకు పెద్దపీట వేసిరి. వారి తోవలో నడచువారికి పెరటి తీగ చిన్న విషయము కానేరదు.

మొదట ఆ వేడుక పుట్టుక. ఐర్లండు, స్కాట్లండు దేశములలోని ప్రాచీన కెల్టు జాతివారు పంటకాలము ముగిసి శీతకాలము ప్రవేశించు సంధిదినమున ఒక పర్వము జరుపుకొనెడివారు. ఆ రాత్రి మృతుల ఆత్మలు లోకమున సంచరించునని వారి నమ్మకము. క్రైస్తవమతము వ్యాపించిన పిదప నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల దినముగను, 2వ తేదీ సకల మృతుల దినముగను ఏర్పడినవి. వానికి ముందటి రాత్రి, అనగా అక్టోబరు 31, హాలోవీనైనది. దుష్టాత్మలను బెదరించుటకు ఐరిషువారు తమ దేశమున చెక్కినది టర్నిప్పు దుంపను. 1845వ సంవత్సరమున ఆలుగడ్డ పంటకు తెగులు సోకి ఘోరమైన కరవు రాగా లక్షలాది జనులు కడుపు చేతబట్టుకొని అమెరికాకు వలసపోయిరి. అక్కడ వారి చేతికి టర్నిప్పుకంటె పెద్దదియు, తొలుచుటకు సులువైనదియు నగు గుమ్మడికాయ దొరకినది. అది మొదలు దుంప పోయి కాయ నిలిచినది.

కరవునకు వలసపోయినవారు మోసికొనిపోయిన వేడుక యనిన మాటను పాలమూరువారు కొంచెము నిలిచి వినదగును. ఒకప్పుడు దేశమందలి ఆనకట్టలకును, కాలువలకును మట్టి మోసినవారిలో మన జిల్లా కూలీలు ఎందరో గలరు. నేడు వారి మనుమలలో కొందరు ఇంజనీరులై సముద్రములు దాటియున్నారు. డాలసులోను, న్యూజెర్సీలోను వారు బతుకమ్మ నాడుచున్నారు. ఆ నెలయో మరునెలయో పక్కయింటివారితో గూడి గుమ్మడికాయయు చెక్కుచున్నారు. 2024వ సంవత్సరమున దీపావళి సరిగా అక్టోబరు 31ననే వచ్చుటచే అక్కడి తెలుగు వాకిళ్లలో ప్రమిదలును, గుమ్మడి దీపములును పక్కపక్కనే నిలిచినవి. అందులో ధర్మమునకు గలిగిన హాని మాకు గానరాదు.

ఇక పరదేశపు వస్తువను ఆక్షేపణ. స్వదేశీ వ్రతము మాకు ప్రాణసమానము. అయినను సత్యము చెప్పక తప్పదు. మన పెరటిలో బంగారు వన్నెతో పండు తీపిగుమ్మడి పుట్టినిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసు వర్తకుల ఓడలతో అది మన దేశమున కాలుమోపినది. మన ప్రాచీన గ్రంథములలోని కూష్మాండము వేరు. అది బూడిదగుమ్మడి, ఆసియాఖండపు కాయ. నడిగడ్డ చేలలో ఎర్రగ పండు మిరపయు ఆ ఓడలలో వచ్చినదే. అంతకంటె వింత యొకటి గలదు. మన దసరా తోరణములకును, బతుకమ్మకును వాడు బంతిపువ్వు మెక్సికో దేశమున బుట్టినది. ఆ దేశమున నవంబరు 1, 2 తేదీలలో జరుగు మృతుల పండుగనాడు సమాధులను ఈ బంతిపూలతోనే అలంకరింతురు. కావున పరదేశమున బుట్టినదను నేరము మోపి గుమ్మడికాయను వెలివేయదలచినవారు ముందుగ బంతిని, మిరపను వెలివేయవలసి వచ్చును. మిరపకాయ లేక పచ్చడి నూరుకొనగల దేశభక్తుని మేమింకను జూడలేదు.

మృతుల స్మరణము, గుమ్మడి - ఈ రెండింటికి మన గడ్డమీద గల చుట్టరికము హాలోవీను వారి చుట్టరికమునకు తీసిపోవునది గాదు. భాద్రపద బహుళ అమావాస్యను మనము పెత్తరమాస యందుము. నాటి యుదయమున ఇంటింట పెద్దల పేర బియ్యము, పప్పు, కూరగాయలు ఇత్తురు. ఆ కూరగాయలలో గుమ్మడికాయ యుండుట పెద్ద మర్యాద. నాటి సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. గుమ్మడి ఆకులను పళ్లెరమున పరచి, వానిపై తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చి, శిఖరమున పసుపు గౌరమ్మతోబాటు గుమ్మడిపువ్వునుంచి ఆడుబిడ్డలు వాకిట వలయముగ నిలుతురు. ఉదయము పోయినవారికి, సాయంకాలము బ్రతుకునకు. రెంటికిని ఒకే తీగ సాక్షి. 2014లో తెలంగాణము ఏర్పడగనే ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించినది. అది న్యాయమే. అయితే ప్రభుత్వ ప్రకటన మైదానమున వేదికను వేయగలదుగాని, ఇంటిలోని పిల్లవానికి ముత్తాత పేరు నేర్పజాలదు. పెత్తరమాస నాడు తమ తాతముత్తాతల పేర్లు వరుసగ చెప్పగల బాలురు మన పట్టణములలో ఎందరున్నారో ప్రతి గృహస్థుడును తన యింటిలోనే లెక్కించి చూచుకొనవచ్చును. పెద్దవారు బియ్యమిచ్చుచున్నంత సేపును పిల్లలు ఫోను చూచుచుందురు. అమెరికా యింటిలో ఆ యొక్క సాయంత్రమైనను తండ్రియు బిడ్డలును ఒక బల్ల చుట్టు కూర్చుండి, చేతులు గింజల గుజ్జులో ముంచి, ఒకే పని చేయుదురు. మనము చూచి అసూయపడవలసినది ఈ భాగమును జూచియే.

దయ్యముల పండుగ యని ఈసడించువారికి ఒక్క మాట. గుమ్మడికాయల దొంగ యెవడనిన భుజములు తడుముకొన్నట్లు, ఈ మాట యనుటకు ముందు మన గుమ్మములవైపు ఒకసారి చూచుకొనుట మంచిది. అమావాస్యనాడు ఏ వీథిలో నడచినను బూడిదగుమ్మడికాయ పసుపు కుంకుమలతో వ్రేలాడుచుండును. కొత్తగ కట్టు మేడల ముందు వ్రేలాడు కాయలకు గ్రుడ్లురుము కన్నులు, కోరమీసములు, బయటికి వచ్చిన నాలుక రంగులతో గీయించుటయు గలదు. అక్కడ చెక్కిన ముఖము, ఇక్కడ గీసిన ముఖము. రెండును చెడును బెదరించుటకే. కాలభైరవుని పేర కృష్ణపక్షపు అష్టమినాడు చిన్న బూడిదగుమ్మడిని రెండుగ కోసి, గుజ్జు తీసి, నువ్వులనూనె పోసి వెలిగించు కూష్మాండదీపము మన యిండ్లలో లేనిదా? కార్తికమున ఉసిరికాయ నడినెత్తిన గుంట చేసి నేతివత్తి వెలిగింపని తల్లి గలదా? కాయను తొలిచి దీపము పెట్టుట మనకు ఎవరును నేర్పనక్కరలేదు.

ఆయుధపూజనాడు కాయకు గంటుపెట్టి, లోపల కుంకుమయు నాణెమును నింపి, కర్పూరము వెలిగించి, దుకాణము ముందు దిగదుడిచి నడివీథిలో పగులగొట్టుట మరియొక యాచారము. దీని మూలము మంచిది. యాటను, దున్నను బలియిచ్చుటకు మారుగా కాయను బలియిచ్చి చాలునని ఏ దయాళువో చేసిన కట్టడి యిది. ఆ బుద్ధికి మేము నమస్కరించెదము. కాని ఆ ముక్కలను త్రోవలో వదలుటచే మోటారు సైకిళ్లు జారి మనుష్యులు కాలుసేతులు విరుగగొట్టుకొనుచున్నారు. పశువునకు బదులు కాయను బలియిచ్చినవారు కాయ వెంట పొరుగువానిని గూడ బలియిచ్చుట ఏ శాస్త్రము? కొట్టినవాడే ముక్కలను ప్రక్కకు ఊడ్చిన ఆచారమున కేమియు లోపము రాదు. సినిమావారు చిత్రము ముగిసినదనుటకు గుమ్మడికాయ కొట్టితిమందురు. వారు కొట్టునది తమ ఆవరణములో గావున మనకు వారితో పేచీ లేదు.

అసలు మాట ఇంకొకటి గలదు. మన యిండ్లలో ఆడువారు నిండు గుమ్మడికాయను కోయరాదను నియమము నేటికిని చెల్లుచున్నది. కాయ బలిపశువునకు మారు గావున మొదటి కత్తివేటు పురుషునిదే కావలెనట. విత్తు నాటినది ఆమె. కడవతో నీరు పోసినది ఆమె. పందిరి మీదికి తీగనెక్కించినది ఆమె. పులుసు వండునది, వడియములు పెట్టునది, గింజలు ఎండబెట్టి పిల్లలకు వలిచి యిచ్చునది ఆమె. కత్తి పట్టుటకు మాత్రము పురుషుడు రావలయును! భర్త పూనాకో బొంబాయికో కూలికి పోయిన యిల్లాలు ఒక కూర వండుకొనుటకు పొరుగింటి మగవానిని బిలుచుకొనవలసి వచ్చుట మన పల్లెలలో వింత గాదు. విధవయగు తల్లి ఆ కాయను ఎవరికైన నిచ్చివేయుటయు గలదు. బలి పోయిన పిమ్మట బలి నియమము నిలిచియుండుటకు కారణము మాకు దోచదు. వంటింటిలో కత్తిపీట మీద దినమంతయు కూర్చుండు స్త్రీకి ఒక్క కాయ విషయమున కత్తి తగదనుట ధర్మము గాదు, అలవాటు. హాలోవీను చిత్రములలో ఎనిమిదేండ్ల ఆడుపిల్ల తండ్రి ప్రక్కన కత్తి పట్టి కాయకు కన్ను తీర్చుచుండును. ఆ పండుగనుండి మనము నేర్చికొనవలసినది ఒక్కటే యున్నదనినచో అది ఈ బాలిక చేతిలోని కత్తియే.

కాయను తొలిచి అందము దెచ్చు విద్యకు మన మూడు జిల్లాలలో మరియొక రూపము గలదు. అది ముఖము చేయలేదు, గొంతు చేసినది. ఎండిన ఆనపబుర్రను తొలిచి, వెదురు దండకు బిగించి, తేనెమైనముతో మెట్లు నిలిపి, తీగలు లాగి చేయు కిన్నెర డక్కలి వారి కులవిద్య. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము ఔసలికుంటకు చెందిన దర్శనము మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథ పాడి దేశఖ్యాతి గాంచిరి. 2022లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. అదే మొగులయ్యగారు 2024 మే మాసమున హైదరాబాదు వెలుపల ఇండ్లు కట్టుచోట కూలిపని చేయుచున్నారని పత్రికలు చిత్రములతో ప్రకటించినవి. మన పొరుగుననున్న నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పగారికి బుర్రవీణకుగాను 2024లో పద్మశ్రీ లభించినది. ఒక్క పాలమూరు గడ్డమీద బుర్ర తొలిచి వాయించిన యిరువురకు దేశపు గౌరవము దక్కగా, ఆ బుర్రను ఎండబెట్టుట యెట్లో, తొలుచుట యెట్లో చూచిన విద్యార్థి యెవడు? పాఠశాల వార్షికోత్సవమున కిన్నెర పాట రికార్డుమీద మ్రోగును. పిల్లలు దానికి నాట్యమాడుదురు. చేసిన చేతులు సిమెంటు కలుపును. ఇది చూచుచు ఊరకుండి, ఎక్కడనో చెక్కిన గుమ్మడికాయవలన మన సంస్కృతికి చేటు వచ్చినదని వగచుట వింతగ నున్నది.

అట్లని ఆ వేడుకను యథాతథముగ దిగుమతి చేసికొనుడని మేము చెప్పుటలేదు. అమెరికాలో చెక్కుటకు పండించు కాయ వేరు, తినుటకు పండించు కాయ వేరు. చెక్కుడు కాయలో కండ పలుచన, నీరెక్కువ. పండుగ మరునాడు అది చెత్తకుప్పకు పోవును. ఆ వ్యర్థమును గూర్చి అక్కడివారే చింతించి, ఎరువు చేయుడని చెప్పుకొనుచున్నారు. మన దేశమున తినదగిన కాయను ఒక్క రాత్రి వినోదమునకు పారవేయుట పాపమే. ప్లాస్టికు అస్థిపంజరములు, కోరలు, సాలెగూళ్లు దుకాణములలో కొని వ్రేలాడదీయుటలో పిల్లవాని చేతికి పనియే లేదు. వర్తకుని వేడుక యది. దానిని రానీయకుండుట మంచిది.

గృహస్థులు చేయదగిన పద్ధతి సులువు. కాయ తొడిమ చుట్టును ఏటవాలుగ కోసి మూత తీయవలెను. నిలువుగ కోసినచో మూత లోపలికి జారును. గరిటెతో గింజలను, పీచును తీసి, గోడను లోపలినుండి బొటనవ్రేలి మందము మిగులునట్లు గీకవలెను. గీకిన కండ నాటి పులుసునకు, గింజలు ఎండకు, పీచు పశువునకు. ముందు బొగ్గుతో గీత గీసి పిమ్మట చిన్న కత్తితో కోసిన గీత తప్పదు; చిన్నపిల్లలు గీత గీయవలెను, పెద్దవారి చేతిక్రింద నెదిగినవారు కోయవలెను. దీపపు పొగ పోవుటకు మూతలో రంధ్రముండవలయును. మన వేడికి చెక్కిన కాయ మూడునాలుగు దినములకంటె నిలువదు గావున, ఆ పిమ్మట పాదులో పూడ్చివేయవలెను. రాక్షస ముఖమే చెక్కవలెనను నియమ మేమియు లేదు. గద్వాల చీరె అంచులోని గుడి గోపురమును, అలంపురపు ప్రాచీన దేవాలయముల కిటికీ జాలినిగాని, తంగేటి కొమ్మనుగాని పిల్లవాడు చెక్కినచో ఆ రంధ్రములనుండి వెలుగు గోడమీద పడి అదే ముగ్గగును. పెత్తరమాస రాత్రి బతుకమ్మ ముగిసి యింటికి వచ్చిన పిమ్మట ఆ దీపము చుట్టు కూర్చుండి నాయనమ్మ పోయినవారి పేర్లు, వారి పనులు, వారి పరిహాసములు చెప్పుచుండగ, పిల్లలు వినుట యొక్క రాత్రికి సరిపడు పండుగ.

మన పఠనమందిరముల కార్యకర్తలకును, ఉపాధ్యాయులకును మా విన్నపము వేరుగ నున్నది. దసరా సెలవులలో ఒక్క దినము కిన్నెర చేయువారిని, వాయించువారిని పిలిపించి, బండిఛార్జితోబాటు ఆ దినపు కూలికి రెట్టింపు ముందుగనే చేతబెట్టి, పిల్లలచేత బుర్ర తొలిపింపవలెను. శాలువ కప్పి పంపివేయుటకు పిలువవద్దు. శాలువలు వారియొద్ద ఇదివరకే యున్నవి. ఆ పనికి కావలసిన బుర్రలు అంగడిలో దొరకవు. ఆనపకాయను కోయక తీగకే ముదరనిచ్చి, తొక్క గట్టిపడిన పిదప కోసి, నీడపట్టున నెలలు తరబడి యెండనిచ్చినగాని బుర్ర గాదు. అనగా వచ్చు సంవత్సరపు దసరాకు బుర్ర కావలెననిన ఈ వానకాలమే విత్తు పడవలెను. గుమ్మడికి అంత యెదురుచూపు లేదు. మృగశిర కార్తెలో, తప్పినచో ఆరుద్రలో, పాఠశాల కంచెవెంట పాదుచేసి విత్తిన తీగ పెత్తరమాస నాటికి ఆకును, పువ్వును, కాయను మూడును ఇచ్చును. పాదునకు రెండు తట్టల పశువుల యెరువు, పారుటకు నాలుగు గజముల కంచె చాలును. నీరు పోయు వంతు ఆడుపిల్లలకు, మగపిల్లలకు సమముగ పంచవలెను. కాయ కోయునాడు కత్తియు అట్లే.